జామకొమ్మకు మిగిలిన రెండు ముడులు

మా పెరటి గోడ దగ్గరికి ఎవరు వచ్చినా ఒకటే ప్రశ్న. మూడు జామచెట్లున్నాయి కదా, అన్నీ ఇష్టం వచ్చినట్టు పెరిగి సందు అవతలి ఇంటి మిద్దె మీదికి చేతులు చాచాయి కదా, మరి మూడో చెట్టు అడుగున ఆ ఒక్క కొమ్మ మాత్రం గోడను కరుచుకుని, ఇస్త్రీ చేసిన చీరలాగా పడుకుని ఉందేమిటి? అడిగినవాళ్ళకు జవాబు చెప్పబోతాను. నేను నోరు తెరిచేలోగా మా అత్త చెప్పేస్తుంది. ఆమె చెప్పేది అబద్ధం. అబద్ధమందామంటే ఆమె దాన్ని మనసారా నమ్ముతుంది, కాబట్టి అలా అనడానికీ లేదు. అందుకే రాస్తున్నాను. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. చదవడం మాత్రం నాకూ, నేను చెవి మెలిపెట్టి నేర్పిన మా అమ్మాయికీ తప్ప ఎవరికీ రాదు. లెక్కలు అరవంలో, అర్జీలు ఫ్రెంచిలో, తిట్లు తెలుగులో. కనుక ఏం రాసినా భయం లేదు.

ముందు గోడ సంగతి. ఉమ్మడి ఇల్లు. వంటిల్లు అత్తది. వీధి అరుగు మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. నడిమింట్లో ఉన్న బల్ల మా ఆయన కోర్టు కాగితాలది. మద్రాసులో కాలేజీ చదువు చదివి ఈ ఫ్రెంచివాళ్ళ ఊరికి కోడలిగా వచ్చిన నాకు, పెట్టె తెరిచి నాలుగు పుస్తకాలు పెట్టుకోవడానికి గూడు దొరకడమే పెద్ద యుద్ధం. పెరట్లో బావి, ఆవు, బట్టలుతికే బండ పోగా మిగిలింది పడమటి వైపు గోడ. దాని అవతల సందు. పొద్దున్నే ఎండంతా ఆ గోడ మీదే పడుతుంది. అది ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టి నాదయింది.

మా అమ్మాయిని అత్తారింటికి పంపిన రోజుల్లో నేను సముద్రం వైపు తెల్లవాళ్ళ వీధిలో ఒక దొర భార్యకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళేదాన్ని. ఆవిడకు ఇంగ్లీషు రాలేదు, రాదని నాకు మొదటి వారమే తెలిసింది. కానీ ఆవిడ తోటలో నిమ్మచెట్లు చూశాను. చెట్లలా లేవు. గోడకు ఆనించి, కొమ్మలను అటూ ఇటూ అడ్డంగా పరిచి కట్టారు. విసనకర్ర విప్పి గోడకు తగిలించినట్టున్నాయి. జానెడు మందం లేదు, ఒళ్ళంతా కాయలు. ఎలాగని అడిగితే మదామ్ చెప్పింది: నిటారుగా ఉన్న కొమ్మకు పైకి పోవడం ఒక్కటే ధ్యాస, పడుకోబెడితే దాని పొడుగునా ఉన్న ప్రతి కణుపూ కళ్ళు తెరుస్తుంది, పూత పూస్తుంది. చెప్పి, అదేదో తన సొంత తెలివైనట్టు గౌను సర్దుకుంది. కట్టింది తోటమాలి. సరే, ఎవరి తెలివైతేనేం. ఇంటికి వచ్చి మా గోడ చూశాను. ఇంత ఇరుకు పెరట్లో చెట్టుకు చోటు లేదు. బొమ్మలాగా గోడకు తగిలించిన చెట్టుకు చోటుంది.

కదిర్కామంలో ఒక తోట నుంచి జామ అంట్లు తెప్పించి నాటాను. అవి నా నడుమంత ఎత్తు అయ్యేసరికి బావగారు బండి కొన్నారు.

పుస్‌పుస్ బండి. ఈ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. మూడు చక్రాల మీద ఒక కుర్చీ, వెనక నుంచి ఒకడు తోస్తాడు, కూర్చున్నవాళ్ళు ముందున్న పిడి పట్టుకుని తిప్పుకోవాలి. తోసేవాడు చెమటలు కక్కుతుంటే, పిడి తన చేతిలో ఉంది కాబట్టి బండి తానే నడుపుతున్నానని బావగారి నమ్మకం. ఆ బండి వీధిలో ఎండకు పాడవుతుందట. వెనక గోడ పగలగొట్టి సందులోకి వాకిలి పెట్టి, చెట్లున్న చోట కొట్టం వేస్తారట. ఈ మాట ఆయన నాతో అనలేదు. మరదలితో ఎదురుగా మాట్లాడకూడదు కదా, నడిమింటి స్తంభంతో అన్నారు. నేనూ స్తంభంతోనే అన్నాను.

"ఆ గోడ దగ్గర చెట్లున్నాయని చెప్పండి."

"చెట్లు యాడుండాయి? మూడు పుల్లలుండాయి," అన్నారు ఆయన స్తంభంతో.

"పుల్లలే కాస్తాయని చెప్పండి."

"ఎప్పుడు?"

"మీ బండి చక్రాలు ఊడేలోగా."

మా ఆయన కాగితాల్లోంచి తల ఎత్తి, ఇద్దరినీ కాకుండా స్తంభాన్ని జాలిగా చూశారు. చివరికి ఒప్పందం అయింది. వచ్చే ఆడి నెల దాకా నాకు గడువు. ఇక్కడ నెలలు కూడా అరవ లెక్కే, ఆడి అంటే మన ఆషాఢం లాంటిది; అందులో ఎవరూ కొత్త కట్టడం మొదలుపెట్టరు, కాబట్టి అది పోయేదాకా మేస్త్రీ రాడు. ఆలోగా ఆ చెట్లలో దేనికైనా ఒక్క కాయ కాసి పండితే గోడ నాది, ఇంకెవరూ దాని జోలికి రారు. కాయకపోతే ఆ తరవాతి నెల, ఆవణిలో, మొదటి మంచిరోజున గడ్డపార.

అంతటితో నా కష్టాలు మొదలయ్యాయి. చెట్టు కొమ్మను వంచడం అంటే మొండి పిల్లకు తల దువ్వడం. లేత కొమ్మయితేనే వంగుతుంది, లేతదయితేనే విరుగుతుంది. ఒక్కసారిగా లాగితే మొదట్లో చీలుతుంది. ఇవాళ కొంచెం, వారం పోయాక ఇంకొంచెం. గోడకు వెదురు దబ్బలు అడ్డంగా కొట్టించి, పాత చీరలు చించి, కొమ్మ ఒరుసుకోకుండా వదులుగా చుట్టి, ముడి మాత్రం దబ్బ వెనక గట్టిగా వేయాలి. నేను ఈ ముడి వేసి తిరిగితే చాలు, వెనక కొస లేచి నిలబడేది. కిందికి కట్టిన కొమ్మ నడుంలోంచి ఒక కొత్త చిగురు నిటారుగా ఆకాశంలోకి పోయేది, నన్ను వెక్కిరించడానికే పుట్టినట్టు. రోజూ పొద్దున్నే వాటిని గిల్లడం నా పని. ఆవు నాలుక చాచి చిగుళ్ళు నాకేది. అత్త నా వెదురు దబ్బల మీద మడిచీర ఆరేసేది.

"అత్తా, అది దండెం కాదు."

"మరి ఏంది? చెట్టు ఆరేసినావు, నేను చీర ఆరేసినాను."

"చీర బరువుకు కట్టు జారుతుంది."

"జారనీ. పచ్చని చెట్టును దొంగను కట్టినట్టు గోడకేసి కట్టి పెట్టినావు. అది ఏం దొంగలించింది నీ దగ్గర?"

"ఇట్లా కడితే ఎక్కువ కాస్తుంది."

"ఎవురు చెప్పింది?"

"మదామ్."

"ఆ దొరసానికి ఎంతమంది బిడ్డలు?"

"లేరు."

అత్త చీర తీసుకుని లోపలికి పోయింది. వాదనలో ఇట్లా సంబంధం లేని మాట ఒకటి విసిరి, గెలిచినట్టు వెళ్ళిపోవడం ఆమె పద్ధతి. కాలేజీలో తర్కం నేర్పిన మా పంతులమ్మ ఈమెను చూసి ఉంటే ఉద్యోగం మానుకునేది.

ఆ ఏడు తై నెలకల్లా, అంటే సంక్రాంతికి, మూడు చెట్లూ గోడకు పరుచుకున్నాయి. మాసి నెల పోయి ఎండలతో పంగుని వచ్చేసరికి అడ్డంగా పడుకున్న కొమ్మల కణుపుల్లోంచి పొట్టి చిగుళ్ళు, ఆ చిగుళ్ళ మొదట్లో పెసరగింజంత మొగ్గలు. మదామ్ అబద్ధం చెప్పలేదు. బావగారు బండెక్కబోతూ ఒకరోజు పెరట్లోకి వచ్చి, వంగి, చెట్టుతో, "మొగ్గలు అందరికీ వస్తాయి," అని చెప్పి వెళ్ళారు. ఆయన ముఖం చూసి ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అప్పటికి మా అమ్మాయి తొలికాన్పుకు వచ్చి ఉంది. నెలలు నిండాయి. చెట్ల దగ్గర పీట వేసుకుని కూర్చుని, నేను చిగుళ్ళు గిల్లుతుంటే చూస్తుండేది. అత్తకు కొత్త సాకు దొరికింది.

"కడుపుతో ఉండే బిడ్డ తిరిగే ఇంట్లో ఇన్ని కట్లా? విప్పెయ్యి."

"ఆవును కట్టలేదా? మీ కొప్పు ముడి వేసుకోలేదా?"

"నొప్పులు వచ్చినప్పుడు అన్నీ విప్పేస్తాము. ముడి అనేది ఇంట్లో ఒక్కటి ఉండకూడదు, తాళం ఉండకూడదు, మూత ఉండకూడదు. మా అత్త కాలం నుంచి వాడిక. ఇంకొకటి విను. ఎవురు వేసిన ముడి వాళ్ళే విప్పాల. నీ చెట్లను నేను ముట్టను. నీవే విప్పాల."

"నేను విప్పను."

"చూస్తాము."

అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మా, అవ్వతో ఎందుకు పెట్టుకుంటావు? నువ్వు గెలిచింది నేను పుట్టాక ఒక్కసారి కూడా చూడలేదు."

నాలుగు రోజులకు తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది. పొద్దెక్కింది. ఎండ గోడ మీద నుంచి నేల మీదికి దిగింది. బిడ్డ రాలేదు. మా ఆయన ఆసుపత్రి నుంచి డాక్టరమ్మను తీసుకురావడానికి బావగారి బండి మీదే పోయారు. అప్పటికే అత్త తన పని మొదలుపెట్టింది. కొప్పు విప్పేసింది. బియ్యం మూటలు విప్పింది. బావి చేంతాడు ముడి ఊడదీసింది, దానితో బకెట్టు నీళ్ళలో పడింది. పెట్టెల తాళాలు, చింతపండు జాడీ మూత, ఊరగాయ కుండకు కట్టిన వాసెన గుడ్డ. దూడ పలుపు విప్పితే అది తిన్నగా తల్లి దగ్గరికి పోయి చుక్క మిగలకుండా తాగేసింది. తరవాత డాక్టరమ్మకు కాఫీ ఇద్దామంటే పాలు లేవు. బావగారు మేడ మీద నుంచి వచ్చి ఏమీ అడగకుండా తన పంచె కచ్చ విప్పి లుంగీలా చుట్టుకుని మళ్ళీ పైకి వెళ్ళారు. ఇంటిల్లిపాదీ జుట్టు విరబోసుకుని తిరుగుతుంటే, అది పురిటి ఇల్లో దయ్యాలు పట్టిన ఇల్లో తెలియదు.

నేను వేడినీళ్ళ కోసం వంటింట్లోకి వస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అన్నీ అయినాయి. ఇంక నీ చెట్ల ముడులే మిగిలినాయి."

"అత్తా, బిడ్డ అడ్డం తిరిగిందంటోంది మంత్రసాని. దానికీ జామచెట్టుకూ ఏం సంబంధం?"

"అడ్డం తిరిగింది గదా? నీ కొమ్మలు ఎట్ల కట్టినావు? అడ్డంగానే గదా?"

"దేవుడా! చెట్టు విప్పితే బిడ్డ తిరుగుతుందా? విప్పితే ఇన్నాళ్ళ పని పోతుంది. మొగ్గలు రాలిపోతాయి. గోడ పోతుంది."

"గోడ," అంది అత్త. అంతే అంది. తెల్లటి జుట్టు భుజాల మీద పడి ఉంది. ఆమెను అట్లా ఎప్పుడూ చూడలేదు.

లోపలి నుంచి అమ్మాయి అరిచింది. అరుపు కాదది, పిలుపు. నన్నే పిలిచింది.

నాకు ఆ ముడుల మీద నమ్మకం ఆనాడు లేదు, ఈనాడూ లేదు. లేకపోయినా కాళ్ళు గది వైపు పోలేదు, పెరట్లోకి పోయాయి. గదిలోకి పోయి చేయగలిగింది ఏమీ లేదు. పెరట్లో చేయడానికి ఏదో ఒకటి ఉంది, అది ఎంత పిచ్చిదైనా. మొదటి ముడి దగ్గర నా గోళ్ళు విరిగాయి. రోజూ నీళ్ళు పడి, ఎండి, మళ్ళీ తడిసి ఆ గుడ్డ రాయిలాగా బిగుసుకుంది. ఇంత గట్టిగా ఏ బుద్ధిమంతురాలు వేసిందని నన్ను నేనే తిట్టుకున్నాను. పళ్ళతో లాగాను. చివరికి కత్తి తెచ్చి కోశాను. కట్టు తెగిన కొమ్మ గిరుక్కున పైకి లేచి నా చెంప మీద కొట్టింది. మొగ్గలు జలజలా రాలాయి. రెండో కొమ్మ. మూడోది మొదట్లో చీలి వేలాడింది. పాలు కారినట్టు తెల్లటి లోపలి చెక్క కనిపించింది. ఏడుస్తూ కోశాను. ఎవరి మీద ఏడుపో నాకు తెలియదు, అమ్మాయి మీదా, చెట్టు మీదా, కొప్పు విప్పుకుని గుమ్మంలో నిలబడి ఒక్కొక్క ముడినీ కళ్ళతో లెక్కపెడుతున్న ఆ ముసలిదాని మీదా.

రెండు చెట్లయ్యాయి. మూడో చెట్టు పై కొమ్మలయ్యాయి. అన్నిటికన్నా కింది కొమ్మకు వంగి, కత్తి పెట్టబోయేసరికి లోపల బిడ్డ ఏడ్చింది.

ఈ మాట జాగ్రత్తగా వినండి. కింది కొమ్మకు రెండు ముడులు. ఆ రెండూ అప్పటికి విప్పలేదు. కత్తి ఇంకా తగల్లేదు. బిడ్డ పుట్టింది. ఆ సమయానికి డాక్టరమ్మ కూడా వచ్చి ఉంది, గదిలోనే ఉంది, బిడ్డను తిప్పింది ఆవిడ చెయ్యి. ఇది సాక్ష్యం కాకపోతే లోకంలో సాక్ష్యమనేదే లేదు.

పురుడు పోసుకుని, అమ్మాయి కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వాక, స్నానం చేసి వచ్చి అత్తను పెరట్లోకి తీసుకుపోయాను.

"చూడండి. రెండు ముడులు ఉన్నాయి. ఉండగానే పుట్టింది."

అత్త వంగి చూసింది. ముడిని వేలితో తట్టింది కూడా.

"నీవు విప్పబోతా ఉండావని బిడ్డకు తెలిసింది," అంది.

"అత్తా!"

"తెలియదా? కడుపులో ఉండే బిడ్డకు అన్నీ తెలుస్తాయి. పుట్టినాక గదా చదువుకుని మర్చిపోయేది."

ఆ రెండు ముడులు కూడా విప్పమంది. విప్పనన్నాను. సాక్ష్యాన్ని ఎవరైనా తమ చేత్తో తుడుచుకుంటారా? "సరే, అవి ఉండనీ. కానీ బిడ్డ కోసరం విప్పిన చెట్లకు మళ్ళీ ముడి వేసేది లేదు. నేను మొక్కుకున్నాను," అంది. ఆమె ఎప్పుడు మొక్కుకుందో, నా చెట్ల మీద ఆమె ఎట్లా మొక్కుకుంటుందో అడిగాను. ఆమె మనవరాలి కొడుకును ఒళ్ళో వేసుకుని, నూనె రాస్తూ, "అడుగుతా ఉంది చూడరా మీ అమ్మమ్మ, అడుగుతానే ఉంది," అని వాడితో చెప్పింది. నామకరణానికి వచ్చిన చుట్టాలందరికీ, ఇరుగుపొరుగుకూ ఈ కథ చెప్పింది. జనం గోడ దగ్గరికి వచ్చి జామచెట్లకు పసుపు కుంకుమ పెట్టి పోయారు. మా ఆయన్ను అడిగాను, మీరైనా చెప్పండి, ఎవరిది న్యాయం అని. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "బిడ్డ బాగున్నాడు కదా," అన్నారు. ముప్ఫై ఏళ్ళు కోర్టులో చేసిన మనిషి ఇచ్చే తీర్పు అది.

విప్పిన చెట్లు ఏం చేస్తాయి? చెట్లు చేసే పనే చేశాయి. వానలకు ముందే గోడ దాటాయి. చీలిన కొమ్మ ఎండిపోయింది. ఆ ఏడు వాటికి ఒక్క పిందె నిలవలేదు. కింది కొమ్మ మాత్రం, కట్టిన ఆ ఒక్క కొమ్మ, మొగ్గ విప్పి పూసి, ఆడిలో కాయలు కాసింది. ఒకటి పసుపు తిరుగుతుంటే రోజూ పోయి చూసేదాన్ని. ఇంక రెండు రోజులకు కోద్దామని అనుకున్న పూట, పోయి చూస్తే లేదు. తొడిమ తెగిన చోట తడి ఆరలేదు.

పరుగెత్తి లోపలికి వచ్చాను. అత్త దాన్ని కడిగి, పళ్ళెంలో పెట్టి, బావగారి ముందు పెట్టి ఉంది. ఆయన తింటున్నారు.

"ఏ కొమ్మది?" అని అడిగాను. స్తంభాన్ని కాదు, ఆయన్నే. ఆ ఇంట్లో మొదటిసారి.

ఆయన నమలడం ఆపారు.

"కట్లు విప్పిన చెట్టుది," అంది అత్త. "ఆ చెట్లను ఇంక ఎవురూ ముట్టేది లేదు. గోడనూ ముట్టేది లేదు. రేయ్, వింటా ఉండావా?"

"విన్నానమ్మా. గోడ నీది," అన్నారు బావగారు, పంట్లో ఇరుక్కున్న గింజతో.

నీది అన్నారు. ఎవరిది? ఆమెది. గోడ నిలిచింది, గడ్డపార రాలేదు, బండి ఇప్పటికీ వీధిలోనే ఎండుతోంది. కానీ ఒప్పందం నాతో కదా! కాయ నేను కట్టిన కొమ్మది కదా! ఆయన్ను నిలదీశాను. "అమ్మ చెప్పినాక ఇంకేముండాది," అని మళ్ళీ స్తంభంతో మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆ తరవాత చాలా వానాకాలాలు గడిచాయి. మొక్కు కాబట్టి కొత్త ముడి వేయడానికి లేదు. పాత గుడ్డ నానుతూ ఎండుతూ నీరసపడుతూ వచ్చింది. అది తెగితే నా సాక్ష్యం పోతుందని నాకు దిగులు. మొన్న ఐప్పసి నెల వానకు తెగనే తెగింది. పొద్దున్నే పోయి చూస్తే రెండు పేలికలూ మట్టిలో ఉన్నాయి. కొమ్మ మాత్రం అంగుళం కదల్లేదు. ఇన్నేళ్ళకు ముదిరి, చేవదేలి, తనంతట తానే గోడకు అడ్డంగా పడుకుని ఉంది, పొడుగునా పూతతో. సంతోషం పట్టలేక కళ్ళు సరిగా ఆనని అత్తను చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చి, ఆ కొమ్మ మీద ఆమె చెయ్యి పెట్టించాను.

"చూడండి అత్తా. నేను నేర్పినట్టే నిలబడింది. కట్టు లేకపోయినా."

ఆమె తడుముకుంది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"చూసినావా," అంది. "విప్పితే యాడికో పోతుందని ఏడిస్తివే ఆ పొద్దు. యాడికి పోయింది?"

నాది చదువుకున్న నోరు. ఆ పూటకు మూసుకున్నాను. ఆ పూటకే.